ఊరి అడవికి ఊరి పేరు మీద హక్కు పత్రం: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అక్కా, మాది అల్లూరి సీతారామరాజు జిల్లాలో కొండ మీద గూడెం. 60 ఇళ్ల దాకా ఉంటాయి. పోడు భూములకు చాలామందికి పట్టాలు వచ్చాయి. కానీ మేం కొండచీపుళ్లు, అడ్డాకు, తేనె, వెదురు తెచ్చుకునే అడవికి ఏ కాగితమూ లేదు. మొన్న మావాళ్లు వెదురు దింపుతుంటే ఫారెస్టువాళ్లు ఆపి కత్తులు పట్టుకుపోయారు. ఊరందరి పేరు మీద హక్కు పత్రం ఇస్తారని విని ఆఫీసులో అడిగితే, "మీకు వీఎస్‌ఎస్ (వన సంరక్షణ సమితి) ఉంది కదా, ఇంకేం కావాలి" అన్నారు. ఒకాయన ఇంటికి 500 ఇస్తే పని చేయించి పెడతానంటున్నాడు. పెద్దవాళ్లేమో దీని జోలికి పోతే ఉన్న పోడు కూడా పోతుందని భయపడుతున్నారు. పైగా పక్క ఊరితో ఎల్ల గొడవ ఎప్పటినుంచో ఉంది. ఏం చేయాలి?
(గూడెంలో డిగ్రీ చదివిన ఒక తమ్ముడు)

సమాధానం:

తమ్ముడూ,

ముందు ఆ 500 రూపాయల సంగతి. ఎవరికీ ఇవ్వకండి. ఊరుమ్మడి అడవి హక్కు అడగడానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. దరఖాస్తు ఫారాలు ఉచితంగా దొరికేలా చూడాల్సింది ఈ దరఖాస్తులను పరిశీలించే సబ్ డివిజన్ స్థాయి కమిటీ. అటవీ మ్యాపులు, రెవెన్యూ మ్యాపులు, ఓటర్ల జాబితా కూడా గ్రామసభకు ఆ కమిటీయే ఇవ్వాలని నియమాల్లో ఉంది. డబ్బు పోతుందన్న బాధ ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. బయటివాళ్లు ఎక్కడో కూర్చుని ఫారం నింపితే తోచిన విస్తీర్ణం వేస్తారు, మీచేత సంతకాలు పెట్టించుకుంటారు. రేపు పత్రం వచ్చినా మీ చీపుళ్ల కొండ అందులో ఉండదు. ఈ పనిలో సగం మీ ఊరివాళ్లు అడవిలో నడిచి చేయాల్సిందే. దాన్ని ఇంకొకరికి అప్పజెప్పే వీలు లేదు.

మీ పోడు పట్టాలు ఏ చట్టం కింద వచ్చాయో, ఊరి అడవి హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. అందరూ ఆర్‌ఓఎఫ్‌ఆర్ అని పిలిచే 2006 నాటి అటవీ హక్కుల చట్టం అది. 2007 డిసెంబర్ 31 నుంచి అమల్లో ఉంది. అందులో సెక్షన్ 3(1)లో హక్కులన్నీ వరసగా ఉంటాయి. సాగు భూమి మీద ఒక్కో కుటుంబానికి ఇచ్చేది మొదటిది, దానికి 4 హెక్టార్ల పరిమితి ఉంది. అదే వరసలో (ఐ) అనే చోట, ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకుంటున్న అడవిని రక్షించే, తిరిగి పెంచే, నిర్వహించే హక్కు ఆ ఊరిదే అని రాశారు. దీనికి హెక్టార్ల పరిమితి లేదు. మీ ఆచారపు ఎల్ల ఎంతవరకు ఉంటే అంతవరకు అడగొచ్చు. రిజర్వు ఫారెస్టు అయినా, అభయారణ్యం అయినా అడ్డు కాదు. అలాగని అడవి మీ సొంత ఆస్తి అయిపోదు. అమ్మడానికి, ఎవరికైనా రాసివ్వడానికి ఉండదు, అడవి అడవిగానే ఉంటుంది. అయితే దాని మంచిచెడ్డలు తేల్చేది మాత్రం మీ గ్రామసభ అవుతుంది.

ప్రభుత్వాలు వ్యక్తిగత పట్టాల మీద పెట్టినంత శ్రద్ధ ఈ హక్కు మీద పెట్టలేదు. పట్టాలు పంచితే ఫొటో వస్తుంది, ఇంటింటికీ ఒక కాగితం చేరుతుంది. ఊరుమ్మడి హక్కు ఇస్తే మాత్రం అటవీ శాఖ చేతిలో ఉన్న అధికారంలో కొంత గ్రామసభకు వెళ్తుంది. మీరు ఆఫీసులో విన్న మాటకు మూలం అక్కడుంది.

వీఎస్‌ఎస్ ఉంటే చాలన్న మాట తప్పు. వన సంరక్షణ సమితులు 1992లో మొదలైన ఉమ్మడి అటవీ యాజమాన్య పథకం నుంచి వచ్చాయి. అవి అటవీ శాఖ ఉత్తర్వులతో పుట్టాయి, శాఖతో ఒప్పందం మీద నడుస్తాయి, శాఖ వద్దనుకుంటే ఆగిపోతాయి. పార్లమెంటు చేసిన చట్టం ఇచ్చే హక్కు అలా ఆగేది కాదు. మన రాష్ట్రంలో ఇంకో ఇబ్బంది కూడా జరిగింది. ఈ చట్టం కింద తొలి ఏళ్లలో ఇచ్చిన సామూహిక హక్కు పత్రాలు చాలావరకు గ్రామసభల పేరు మీద కాకుండా వీఎస్‌ఎస్‌ల పేరు మీద ఇచ్చేశారు. మీ ఊరి వీఎస్‌ఎస్ పేరు మీద అలాంటి పత్రం ఏదైనా ఉందేమో ముందు తెలుసుకో. సమాచార హక్కు చట్టం కింద ఐటీడీఏకి (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), ఆర్డీవో ఆఫీసుకి దరఖాస్తు పెట్టు. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవాళ్లకు దానికి రుసుము ఉండదు. పత్రం ఉందని తేలితే, అది గ్రామసభ హక్కుకు బదులు కాదని తీర్మానం చేసి మీ దరఖాస్తు మీరు పెట్టండి. వీఎస్‌ఎస్‌లో పనిచేసినవాళ్లతో గొడవ పెట్టుకోకు. ఆ అడవిలో మొక్కలు నాటింది, మంటలు ఆర్పింది వాళ్లే అయి ఉంటారు. ఎక్కడ ఏ ప్లాట్ వేశారో వాళ్లకు తెలుసు, వాళ్లను కమిటీలోకి తెచ్చుకోండి.

ఇప్పుడు పెద్దల భయం. దీన్ని తేలిగ్గా తీసిపారేయొద్దు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించినవాళ్లను ఖాళీ చేయించమని ఆదేశించినప్పుడు ఏజెన్సీ అంతా వణికిపోయింది. అదే నెల 28న కోర్టే ఆ ఆదేశాన్ని నిలిపివేసింది. కానీ మొదటి వార్త చేరినంతగా రెండోది గూడేలకు చేరలేదు. మీ పెద్దలకు రెండు విషయాలు నిదానంగా చెప్పు. ఊరుమ్మడి హక్కు అడిగినంత మాత్రాన వచ్చిన పట్టా రద్దు కాదు, రెండూ వేర్వేరు హక్కులు. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేదాకా సాగులో ఉన్న భూమి నుంచి ఎవరినీ ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4(5) చెబుతోంది.

అయితే ఆ భయం వెనక ఇంకో మాట ఉందనుకుంటున్నాను. పైకి చెప్పరు కానీ, "గ్రామసభే అడవిని కాపాడాలంటే రేపు కొత్తగా పోడు కొట్టుకోవడం కుదరదు కదా" అన్నది లోపలి ఆలోచన. దీనికి నిజం చెప్పాలి. కుదరదు. 2005 డిసెంబర్ 13 తర్వాత నరికిన భూమికి చట్టం ఎలాగూ హక్కు ఇవ్వదు. అడవిని, జంతువులను, నీటి ఊటలను కాపాడే బాధ్యత సెక్షన్ 5 గ్రామసభ మీదే పెట్టింది. ఈ మాట దాచి సంతకాలు తీసుకుంటే, పత్రం వచ్చిన ఏడాదికే ఊరు రెండుగా చీలిపోతుంది. భూమి చాలని ఇళ్లు ఎన్నున్నాయి, 2005కి ముందు నుంచి సాగులో ఉండి కూడా పట్టా రానివాళ్లు ఎవరు, వాళ్ల దరఖాస్తులు ఎక్కడ ఆగాయి అన్నది అదే సభలో మాట్లాడండి. వాళ్ల పని కూడా ఊరు భుజాన వేసుకుంటే ఉమ్మడి హక్కుకు మనస్ఫూర్తిగా వస్తారు.

ఇక అసలు పని గ్రామసభతో మొదలవుతుంది. పంచాయతీ కేంద్రంలో ఐదారు ఊళ్లకు కలిపి పెట్టే సభ దీనికి పనికిరాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు చూసుకునే గూడెం కూడా ఒక గ్రామమేనని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. అటవీ హక్కుల చట్టం కూడా ఆ నిర్వచనాన్నే తీసుకుంది. చిన్న ఊరి సభ మాటకు విలువేముంటుందని ఎవరైనా అంటే ఒడిశాలోని నియమగిరి గురించి చెప్పు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కొండ మీద బాక్సైట్ గని విషయాన్ని గ్రామసభల ముందు పెట్టమంది. ఆ ఏడాదే 12 ఊళ్ల గ్రామసభలు వద్దని తీర్మానించాయి. వాటిలో కొన్ని మీ గూడెం కంటే చాలా చిన్నవి. గని ఆగిపోయింది.

సభకు మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. అంటే మీ గూడెంలో 200 మంది పెద్దవాళ్లు ఉంటే 100 మందికి తగ్గకూడదు. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. సంత రోజున, పోడు పని జోరుగా ఉన్న రోజుల్లో సభ పెట్టకండి. కోరం లేదన్న ఒక్క మాటతో దరఖాస్తు వెనక్కి వస్తుంది, ఎన్నో ఊళ్లు అక్కడే దెబ్బతిన్నాయి. సభలో అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. 10 నుంచి 15 మంది, వారిలో మూడింట రెండొంతులు గిరిజనులు, మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్లు. 2008లో పంచాయతీ స్థాయిలో వేసిన పాత కమిటీ కాగితాల మీద ఉండొచ్చు, అందులో కొందరు ఇప్పుడు లేకపోనూ వచ్చు. మీ గూడేనికి కొత్తగా వేసుకుని, అధ్యక్షుడు, కార్యదర్శి పేర్లు సబ్ డివిజన్ కమిటీకి రాసి పంపండి. కార్యదర్శి పనికి నువ్వు సరిపోతావు. అధ్యక్ష స్థానం మాత్రం ఊరు మాట వినే పెద్దమనిషికో, ఆడవాళ్లలో ఒకరికో వదిలెయ్యి.

తర్వాత ఎల్ల నడక. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యం అనిపించేది ఇదే. మొదటిరోజు ఫోన్లో జీపీఎస్ తెరవకండి. ముందు ఊరి మధ్యలో నేల మీద ముగ్గుతోనో బొగ్గుతోనో అడవి పటం గీయించు. గెడ్డలు, ఊటలు, అమ్మవారి చెట్లు, శ్మశానం, పశువులు మేసే చోటు, చేపలు పట్టే మడుగు, తేనె పట్టే బండలు, అడవి దుంపలు తవ్వే చోటు, వైద్యం చేసే మనిషి వేర్లు తెచ్చే చోటు, పాత ఊరు ఉండి వదిలేసిన దిబ్బ, అన్నీ రావాలి. మగవాళ్లు గీసిన పటాన్ని పక్కనపెట్టి ఆడవాళ్లచేత విడిగా ఇంకోటి గీయించు. కొండచీపురు ఏ వాలులో పెరుగుతుందో, అడ్డాకు కోసం ఎంత దూరం వెళ్తున్నారో వాళ్లకే తెలుసు. ఈ రెండో పటం మొదటిదానికంటే పెద్దగా వస్తే ఆశ్చర్యపోకు.

ఇవన్నీ ఊరికే జ్ఞాపకాల కోసం గీసేవి కావు. నియమాల్లో 13వ నియమం సామూహిక హక్కుకు ఏవి సాక్ష్యాలో చెబుతుంది. మేత భూములు, దుంపలూ పళ్లూ సేకరించే చోట్లు, చేపల మడుగులు, నీటి వనరులు, మందు మొక్కల చోట్లు, పవిత్ర వృక్షాలు, శ్మశానాలు, పాత కట్టడాల ఆనవాళ్లు, అన్నీ అందులో ఉన్నాయి. ఒకటి కంటే ఎక్కువ సాక్ష్యాలు చూపాలి. మీ దగ్గర పది దొరుకుతాయి. ఆ తర్వాత పెద్దలను ముందు పెట్టుకుని పటం ప్రకారం ఎల్ల వెంట నడవండి. ప్రతి గుర్తు దగ్గరా దాని పేరు మీ వాళ్లు పిలిచేలాగే రాసుకుని, ఫొటో తీసి, అప్పుడు జీపీఎస్ పాయింటు పెట్టండి. ఉపగ్రహ చిత్రంలో కనబడలేదు కాబట్టి ఒప్పుకోం అని ఎవరైనా అంటే, అలాంటి చిత్రాలు సాక్ష్యాలకు తోడు మాత్రమేనని, వాటి స్థానంలోకి రావని 2012లో సవరించిన నియమాలు స్పష్టంగా చెప్పాయి.

పక్క ఊరిని ఆ నడకకు ముందే పిలవండి. గొడవ తేలాక దరఖాస్తు పెడదామని కూర్చుంటే ఎప్పటికీ పెట్టలేరు, చెప్పకుండా పెడితే వాళ్ల అభ్యంతరంతో ఫైలు మూలకు పోతుంది. రెండు ఊళ్లూ ఒకే అడవిని వాడుకుంటుంటే రెండు ఊళ్ల హక్కుల కమిటీలు కలిసి కూర్చుని, ఎవరి వాడకం ఎలాంటిదో చూసి, తమ తమ గ్రామసభలకు రాసివ్వాలని నియమం ఉంది. అప్పటికీ తేలకపోతే సబ్ డివిజన్ కమిటీకి పంపొచ్చు. కానీ అక్కడిదాకా పోనివ్వకపోవడమే మంచిది. నా సలహా ఏమిటంటే, ఎల్ల గీత గురించి కాకుండా వాడకం గురించి మాట్లాడటం మొదలుపెట్టండి. ఆ వాలులో చీపుళ్లు ఎవరు కోస్తున్నారు, వెదురు ఎవరు కొడుతున్నారు, వేసవిలో ఏ ఊటకు ఎవరి పశువులు వస్తాయి అని. చాలాచోట్ల తేలేది ఆ ముక్క ఇద్దరిదీ అని. అదే రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టి, రెండు దరఖాస్తుల్లోనూ ఉమ్మడి వాడకం అని చూపించండి. వాళ్లకూ ఇదే హక్కు ఉందని చెప్పి, వాళ్ల ఫారం నింపడానికి నువ్వే సాయం చెయ్యి. రెండు ఊళ్లు పక్కపక్కన కలిసి అడిగితే ఆఫీసులో వినే తీరే మారిపోతుంది.

ఫారాల విషయం తొందరగా చెప్పేస్తాను. ఫారం-ఎ వ్యక్తిగత సాగుకు, ఫారం-బి మేత, చేపలు, అటవీ ఫలసాయం లాంటి వాడకపు హక్కులకు, ఫారం-సి అడవిని కాపాడి నిర్వహించే హక్కుకు. మీరు బి, సి రెండూ కలిపి పెట్టండి. ఒక్క బి మాత్రమే పెడితే చాలని ఎవరైనా అంటే వినకండి. ఫారం-సిలో కంపార్ట్‌మెంట్ నంబర్లు (అడవిని భాగాలు చేసి అటవీ శాఖ ఇచ్చిన నంబర్లు) అడుగుతారు, తెలిస్తేనే రాయమని ఫారంలోనే ఉంది. తెలియదని ఆగిపోవద్దు. సరిహద్దు ఊళ్ల పేర్లు, గ్రామసభ సభ్యుల జాబితా, పటం, సాక్ష్యాలు జతచేయాలి.

పరిశీలన రోజు ఎప్పుడో అటవీ శాఖకు, రెవెన్యూకు రాతపూర్వకంగా ముందే తెలియజేయండి. వాళ్లు వచ్చి, చూసి, హోదా, తేదీ, అభిప్రాయం రాసి సంతకం పెట్టాలి. రాకపోతే మళ్లీ ఒక తేదీ ఇచ్చి, ఇచ్చినట్టు అందిన ముద్ర దాచుకోండి. తర్వాత గ్రామసభ తీర్మానం చేసి ఫైలును సబ్ డివిజన్ కమిటీకి ఇస్తుంది, అక్కడి నుంచి కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. ఏదైనా తక్కువైతే కొట్టేయకూడదు, కారణం రాసి గ్రామసభకు తిరిగి పంపాలి. నిర్ణయం మీద అభ్యంతరం ఉంటే పైకమిటీకి వెళ్లడానికి 60 రోజుల గడువు ఉంది. నోటి మాటగా "రిజెక్ట్ అయింది" అంటే నమ్మకండి, కాగితం అడగండి. అన్ని ఊళ్లలో ఈ హక్కు గుర్తించి పత్రాలిచ్చేలా చూడాల్సిన బాధ్యత జిల్లా కమిటీదే. ఇవ్వని ఊరికి ఎందుకు ఇవ్వలేదో కారణం రాసి ఉంచాలి. ఆ నియమం నంబరు 12-బి, ప్రతి అర్జీలో రాయి.

పత్రం చేతికొచ్చాక ఎవరి పేరు మీద ఉందో, విస్తీర్ణం మీరు అడిగినంత ఉందో, అదనంగా షరతులేమైనా చేర్చారో చదివాకే సంతోషపడండి. తగ్గించి ఇస్తే అదే రోజు సభ పెట్టి అభ్యంతరం తీర్మానించండి.

వెదురు సంగతి విడిగా చెప్పాలి. చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో వెదురు పేరు రాసే ఉంది. తునికాకు, తేనె, మైనం, లక్క కూడా ఉన్నాయి. మీరు తరతరాలుగా సేకరిస్తున్నవాటి మీద యాజమాన్యం, అమ్ముకునే హక్కు మీదే. అయినా పత్రం రానంతకాలం అడవిలో అడ్డుకోవడం, కేసులు పెట్టడం జరుగుతూనే ఉంటాయి. అక్కడ వాదనకు దిగకండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం తీసుకెళ్లారో రాసుకోండి, తీసుకున్నట్టు రసీదు అడగండి, సభలో తీర్మానం చేసి ఐటీడీఏ పీవోకీ (ప్రాజెక్టు అధికారి), ఆర్డీవోకీ పంపండి. మొన్న పోయిన కత్తుల విషయం కూడా ఇప్పుడైనా రాయించు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెంఢా లేఖా అనే గోండు గ్రామానికి 2009లోనే దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద హక్కు వచ్చింది. పత్రం ఉన్నా వెదురు అమ్మనివ్వలేదు. రవాణా పర్మిట్ ఎవరివ్వాలన్న దగ్గర ఆగిపోయింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఊరికి వచ్చి పర్మిట్ల పుస్తకాన్ని గ్రామసభకు ఇచ్చాకే అమ్మకం సాగింది. ఆ పోరాటం వల్ల మీకు కలిగిన మేలు ఒకటుంది. గ్రామసభ వేసుకున్న కమిటీయే రవాణా పర్మిట్ ఇవ్వొచ్చని 2012 సవరణ నియమాల్లో చేరింది. రుసుము, రాయల్టీ కట్టనక్కర్లేదు. చంద్రాపూర్ జిల్లాలో పాచ్‌గావ్ అనే ఊరు ఇంకో అడుగు వేసింది. వెదురు అమ్ముకుంటూనే, తునికాకు కోసం కొమ్మలు నరకడం, మంటలు పెట్టడం అడవికి చేటని ఆ సేకరణను ఆపేసుకుంది. ఎవరో ఆపితే ఆగడం కాదది, ఆదాయం వచ్చే పనిని ఊరే కూర్చుని వద్దనుకుంది. నాకు ఆ ఊరంటే చాలా గౌరవం.

జీసీసీకి (గిరిజన సహకార సంస్థ) అమ్మడం మానేయాలని నేననను. 1956 నుంచి ఉన్న సంస్థ, సంతల్లో దళారుల ధర మరీ పడిపోయినప్పుడు అది కావాలి. చింతపండుకు, చీపుళ్లకు అక్కడ ధర బాగుంటే అక్కడే అమ్మండి. ఇంకోచోట బాగుంటే ఊరంతా కలిసి అక్కడ అమ్మే వీలు ఈ హక్కుతో వస్తుంది. ఆ ఆలోచన పత్రం వచ్చాక చేద్దాం.

ఈ నెలలో మూడు పనులు చాలు. సమాచార హక్కు దరఖాస్తు, మ్యాపుల కోసం సబ్ డివిజన్ కమిటీకి ఒక అర్జీ, పక్క ఊరి పెద్దలతో ఒక కూర్చోవడం. ఇచ్చిన ప్రతి కాగితానికీ అందిన ముద్ర వేయించుకుని, ఫైలు నకళ్లు మూడు ఇళ్లలో విడివిడిగా పెట్టండి. ఫారం-సి నింపాక సమర్పించే ముందు నాకు పంపు, చదివి తేడాలేమైనా ఉంటే చెబుతాను.